ఐసు ఫ్యాక్టరీల బూర

మొగుడంపల్లికి పోయే తొవ్వల, జహీరాబాద్ ఇండ్లు అయిపోయి చెరుకు తోటలు మొదలయ్యే మలుపు కాడ ఒక పాత ఐసు ఫ్యాక్టరీ ఉన్నది. పొద్దుగూకినంక ఆడ ఎవ్వరు బండి ఆపరు. పంచరైనా సరే, ఉత్త రిమ్ము మీదనే ఈడ్సుకుంట పోతరు గని ఆ గేటు ముందల మాత్రం దిగరు.

దానికి చెడ్డపేరు ఈనాటిది కాదు. పెండ్లిళ్లకు, సోడా బండ్లకు ఆడికెల్లే ఐసు గడ్డలు పోయే కాలంల, ఒక పనోడు ఉప్పునీళ్ల తొట్ల పడి సచ్చిపోయిండట. ఆ తర్వాత ఫ్యాక్టరీ మూతబడ్డది. మిషన్లు అమ్ముకున్నరు. గోడలు మిగిలినయ్, తొట్టి మిగిలింది, గబ్బిలాలు చేరినయ్. నడి ఎండకాలం గూడ ఆ గేటు కాడ సల్లగాలి తగుల్తదని కొందరు... లోపట ఎవరో దగ్గుతరని ఇంకొందరు...

అన్ని ఉత్త ముచ్చట్లే అని నవ్వేటోళ్లు గూడ ఉండిన్రు. పోయిన వానకాలం సంది వాళ్లు గూడ నవ్వుడు బంద్ చేసిన్రు.

ఎందుకంటే, ఒక వానపడే మాపటేళ ఆ మలుపుల్నే, ఊర్లె ఉండే విరూపాక్ష అనేటాయన స్కూటర్ జారింది. ఎదురుంగ లారీ. దవాఖానకు తీస్కపోయేదాంక గూడ ప్రాణం నిల్వలె.

కర్మకాండలు అయిపోయి ఎన్నో రోజులు కాలె — ఆ ఫ్యాక్టరీలకెల్లి బూర వినపడుడు షురువైంది.

ముందుగాల విన్నది ఆటో నడిపే మాణిక్. ఖాళీ ఆటోతోని ఊర్లకు వస్తుంటే చెవులవడ్డదట. "సన్నాయి కాదు, బ్యాండ్ మేళం కాదు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని ఎవరో మనిషి ఏడుస్తున్నట్టు... మాటల్లేవ్. ఉత్త ఊదుడే," అని చెప్పి ఆయన ఛాయ తాగకుండనే గిలాస పక్కకు పెట్టిండు.

బజార్ల అందరు ఒకరి మొకం ఒకరు చూసుకున్నరు. ఎవరో మెల్లగ అన్నరు —

"విరూపాక్ష ఊదుతుండు."

ఆ మాట ఉత్తగనే రాలె. విరూపాక్ష మోటార్లు, మిక్సీలు బాగుచేసేటోడు. తాతలనాడు బీదర్ దిక్కుకెల్లి వచ్చిన కుటుంబం. మంచోడు, నవ్వుమొకం. గని ఆయనకొక పిచ్చి ఉండె — జాజ్ సంగీతం. చిరాగ్‌పల్లి కాడ బొంబాయి సడక్ మీద పాత సామాన్ల దుకాణంల ఒకసారి ఆయనకు ఒక పెట్టె దొరికింది. నిండ నల్ల రికార్డులు. సినిమా పాటలేమో అని ఇంటికి తెచ్చి వేసి చూస్తే, పాట లేదు, పల్లవి లేదు. ఒక బూర, ఒక పియానో, ఎనుక ఒక పెద్ద తీగెల వాయిద్యం గుండె కొట్టుకున్నట్టు కొట్టుకుంట పోతున్నది. ఇంకొకరైతే తెల్లారి వాపస్ ఇచ్చేటోళ్లు. విరూపాక్ష దుకాణం తెరువుడు మర్చిపోయి విన్నడు.

మెల్లమెల్లగ ఆయన యెంబడి ఇంకో ముగ్గురు జమైన్రు. పశువుల దవాఖానల పనిచేసి రిటైరైన గురులింగప్ప. అల్లం వ్యాపారం చేసే మదన్‌మోహన్. హాస్టల్ల ఉండుకుంట దవాఖానల నర్సు పని చేసే రుచిత. దుకాణాలు బందుండే ఆయిస్తారం మాపటికి విరూపాక్ష ఇంట్ల కూసునేటోళ్లు. ఒకరు తమకు ఇష్టమైన రికార్డు తేవాలె. అయిపోయేదాంక ఎవ్వరు నోరు తెరవొద్దు. అయిపోయినంక ఎవ్వరు నోరు ముయ్యొద్దు. తెచ్చినోళ్లు దానికోసం కొట్లాడాలె. గదీ వాళ్ల కానూను.

అట్టల మీది ఇంగ్లీషు పేర్లు నోరు తిరగక, బొమ్మలను చూసి పేర్లు పెట్టుకున్నరు. వానల టోపీ పెట్టుకోని నిలబడ్డ మనిషి బొమ్మ ఉంటే అది ‘వానట్ట’. ఖాళీ ఎర్ర కుర్చీ బొమ్మ ఉంటే ‘ఎర్రకుర్చి’, నల్ల బస్సు బొమ్మ ఉంటే ‘నల్లబస్సు’, ముత్యాల దండ వేసుకున్న పాటగత్తె బొమ్మ ఉంటే ‘ముత్యాలామె’. రుచిత వచ్చినంక అసలు పేర్లు సదివి చెప్పింది గని, అప్పటికే ఆ పేర్లు కుదురుకున్నయ్.

బస్తీల పోరగాండ్లు ఆ లొల్లి విని నవ్వుకునేటోళ్లు. మనిషి పోయినంక ఆ నవ్వే భయమైంది, బుగులైంది.

ఆ బుగులు వచ్చి వచ్చి విరూపాక్ష పెండ్లాం జ్యోతి మీద పడ్డది.

జ్యోతి జాకిట్లు కుడతది. బజార్ల ఆమె చేతి కుట్టుకు పేరుండె. పెండ్లిళ్ల కాలమొస్తే కూసోను తీరకపోయేది. అసొంటిది, ఈ యేడు ఒక్కొక్కరే వచ్చి కుట్టకముందే బట్టలు వాపస్ తీస్కపోవుడు మొదలువెట్టిన్రు. ఒకామె గడప బయటనే నిలబడి అన్నది, "ఏమనుకోకు జ్యోతీ... పెండ్లి బట్టలు గదా. ఆయన ఆత్మ ఇంకా ఈడీడనే తిరుగుతున్నదంటున్నరు."

జ్యోతి ఆ బట్టను మడత పెట్టి చేతిల పెట్టింది. లోపటికొచ్చి మిషన్ ముందల కూసోని ఉత్తగనే పెడలు తొక్కింది. సూది కింద బట్ట లేదు.

ఆమెకు నొచ్చింది పని పోయినందుకు కాదు. మనిషి పోయి ఆర్నెల్లు కాలె, ఊరంత కలిసి ఆయన పేరును పిల్లలను భయపెట్టెతందుకు వాడుకుంటున్నది. "అన్నం తినకుంటే విరూపాక్ష వస్తడు" అని పక్కింటామె పిల్లగానికి తినిపిస్తుంటే ఆమె చెవులార విన్నది.

ఇంట్ల అత్త శాంతమ్మ బాధ ఇంకో తీరు. కొడుకు చలిల, చీకట్ల, ఆ పాడువడ్డ కొంపల తిరుగుతుండని ఆమెకు నిద్ర పట్టకపోయేది. ఎవరో చెప్తే మల్లప్ప అనే మంత్రగాన్ని పిలిపించింది. ఆయన నిమ్మకాయ కోసి, కండ్లు మూసి, తీర్పు చెప్పిండు.

"ఆ నల్ల ప్లేట్లల్ల ఉన్నడు నీ కొడుకు. అమాస నాడు పొద్దుగూకంగ, ప్రాణం పోయిన జాగల, ఒక్కటి మిగలకుండ పలగ్గొట్టాలె. అప్పుడే విడుదల."

అమాస శుక్రారం ఉన్నది. శాంతమ్మ కోడలు చేతులు పట్టుకున్నది.

"బిడ్డా... వాటి మీద నాకేం పగ లేదు. నా కొడుకు సుకంగ పోతే సాలు."

"అత్తా, ఆయన దెయ్యమైండని నువ్వు గూడ నమ్ముతున్నవా?"

ముసలామె కొంగు నోట్లె కుక్కుకున్నది.

జ్యోతి మదన్‌మోహన్ దుకాణానికి పోయి అడిగింది. మీరన్న వచ్చి మా అత్తకు చెప్పుండ్రి, అది దెయ్యం సంగీతం కాదని చెప్పుండ్రి — అన్నది. ఆయన అల్లం కుప్ప దిక్కే చూసుకుంట, "జర కొన్నొద్దులు పోనీ వదినా... లోకం నోరు మంచిది కాదు," అన్నడు. గురులింగప్ప ఇంట్ల లేడన్నరు. రుచిత ఫోన్ ఎత్తలె.

ఇన్నేండ్లు తన ఇంట్ల తన చేతి ఛాయ తాగినోళ్లు! జ్యోతికి కండ్లల్ల నీళ్లు రాలె. ఒళ్లు మండింది.

ఆయిస్తారం పొద్దుగూకింది. చలికాలం, తొందరగ చీకటి పడ్డది. ఆమె మిషన్ మీద గుడ్డ కప్పి, చేతిల టార్చి పట్టుకోని, విరూపాక్ష పాత స్వెటర్ చీర మీదికెల్లి తొడుక్కోని బయలెల్లింది.

ఊరి చివర యాదమ్మ మక్కబుట్టలు కాలుస్తున్నది. జ్యోతి ఆ దిక్కు నడుస్తుంటే చూసి లేచి అడ్డమొచ్చింది.

"ఏడికి బిడ్డా?"

"ఐసు ఫ్యాక్టరీ కాడికి."

యాదమ్మ ఆమె రెక్క పట్టుకున్నది. గొంతు తగ్గించి, "పోకు... ఇప్పుడే షురువైంది. గాలి ఇటు తిరిగితే ఈడిదాంక వస్తున్నది. నేను విన్న," అన్నది.

"ఆయన నా పెనిమిటి. బుగులు పడితే మీరు పడాలె గని నేనెందుకు పడాలె యాదమ్మా?"

"పోని ఈ ఇనుప సీకన్న పట్టుకపో. ఇనుము చూస్తే దగ్గరికి రావంటరు."

"జిందగంత మోటార్లు విప్పి బిగించిండు. ఇనుము చూసి ఉరికే మనిషా ఆయన?"

అని ముందుకు నడిచింది. మాట గట్టిగనే వచ్చింది. పది అడుగులు పోయినంక మాత్రం టార్చిని రెండు చేతులతోని పట్టుకున్నది.

సడక్ మీద మంచు దిగుతున్నది. చెరుకు ఆకులు ఒకదానికొకటి రాసుకోని గరగరమంటున్నయ్. ఒక ట్రాక్టర్ చెరుకు లోడుతోని పోయింది... దాని చప్పుడు దూరమైంది... ఇంకా దూరమైంది...

అప్పుడు విన్నది.

బూర.

సన్నగ, మూతికి ఏదో అడ్డం పెట్టి ఊదినట్టు. ఆగి... మల్ల లేసి... మల్ల ఆగి...

జ్యోతి ఉన్నకాన్నే నిలబడిపోయింది. తెల్వక కాదు. తెలిసే. అది ‘వానట్ట’! విరూపాక్షకు పానం అసొంటి రికార్డు. ఆ రోజు ఆయన స్కూటర్ మీద బయలెల్లినప్పుడు దాన్నే సంచిల పెట్టుకపోయిండు. లారీ కింద సంచి నుగ్గునుగ్గైంది. లోపటి రికార్డు గూడ పోయిందనే ఆమె ఇన్నొద్దులు అనుకున్నది.

పోయిన మనిషి... పోయిన రికార్డు... రెండు ఆ గోడల లోపట...

ఎనక్కి తిరగాల్ననిపించింది. తిరిగితే మాత్రం? శుక్రారం అందరు కలిసి ఆయన ఇష్టాన్నంత రాళ్లతోని కొడతరు. అప్పుడు ఏ మొకం పెట్టుకోని అడ్డం పోవాలె?

గేటు తోసింది. కీచుమన్నది. బూర ఆగలె.

లోపట తుప్పు వాసన, నానిన ఊక వాసన. టార్చి ఎలుగుల తొట్టి అంచు కనవడ్డది. అటెనుక పెద్ద చీకటి. ఆ చీకటి అవతల, ఐసు గడ్డలు దాచే అర్ర. మందపు చెక్క దర్వాజ. దాని కింది సందుల ఒక గీత లెక్క పసుప్పచ్చటి ఎలుగు...

పెండ్లైన నాటి సంది ఆమె మొగణ్ని పేరు పెట్టి పిల్వలె. ‘ఇగో’ అనుడే. ఇప్పుడు మాత్రం ఊపిరంత కూడదీసుకోని అరిచింది.

"విరూపాక్షా!"

గోడలు ఆ పేరును తిప్పి తిప్పి కొట్టినయ్. గబ్బిలాలు లేచినయ్.

"నువ్వే అయితే బయటికి రా! ఊరంత నిన్ను దెయ్యమంటున్నది. నా ముందల నిలబడి ఔనో కాదో చెప్పు!"

బూర టక్కున ఆగింది.

సందుల ఎలుగు గూడ పోయింది.

తర్వాత... దర్వాజ మెల్లగ తెర్సుకున్నది. ఒక పొడుగు ఆకారం. తలకాయ ఉన్నది గని మొకం లేదు. నల్లగ, గుండ్రంగ... అది ఒక అడుగు ముందుకేసింది. ఇంకొక అడుగు. గుసగుసగ ఆమె పేరు పలికింది.

"జ్యోతీ... లొల్లి చెయ్యకు బిడ్డా... సడక్ మీదికి వినపడ్తది..."

టార్చి మొకం మీదికి కొట్టింది. కోతిటోపీ! కండ్ల దాంక గుంజుకున్న కోతిటోపీ కింద గురులింగప్ప మీసాలు.

"కాకా?"

ఆయన ఎనుక మదన్‌మోహన్, శాలువ కప్పుకోని. ఆయన ఎనుక రుచిత, చేతిల ఆర్పేసిన బ్యాటరీ లైటు. అర్రల గోనెసంచి మీద బ్యాటరీతోని నడిచే గురులింగప్ప పాత పెట్టె ప్లేయర్. దాని మీద వానట్ట రికార్డు ఇంకా మెల్లగ తిరుగుతున్నది.

అందరికన్న ముందు రుచిత ఏడ్చింది.

"ఆ రోజు అన్న దీన్ని నాకిచ్చే పోయిండు అక్కా. వాపస్ వస్తుంటేనే అట్లైంది. నీకు చెప్పెతందుకు నోరు రాలె నాకు..."

మిగిలింది మదన్‌మోహన్ చెప్పిండు. విరూపాక్ష పోయినంక, ఆ సంగీతమే ప్రాణం తీసిందని ఊరంత అనుకున్నది. గురులింగప్ప కొడుకు ఇంట్ల వెయ్యొద్దన్నడు. మదన్‌మోహన్ ఇంట్ల ఆడోళ్లు వణికిన్రు. హాస్టల్ల రుచితను వెళ్లగొడ్తమన్నరు. వినకుంట ఉండలేక, ఈ అర్ర పట్టుకున్నరు. గోడల నిండ ఊక కూరిన అర్ర, చప్పుడు బయటికి పోదనుకున్నరు. మీదున్న గాలిరంధ్రం సంగతి తర్వాత తెలిసింది.

"మాణిక్ విన్నడని మాకు తెలిసింది," అన్నడు గురులింగప్ప తలకాయ వంచి. "దెయ్యమని అందరు దూరమున్నరు. మాకు ఎవ్వరడ్డం రాలె. ఆ మాట మేం పుట్టియ్యలె బిడ్డా... గని, కాదని గూడ అనలె."

జ్యోతికి మండింది. "మీ పాట దాసుకునేతందుకు నా మొగణ్ని దెయ్యం చేసిన్రు! ఆయన తల్లి రాత్రంత నిద్రపోతలేదు. పిల్లలు ఆయన పేరు వింటే ఏడుస్తున్నరు. ఆయన మీకేం తక్కువ చేసిండు?"

ముగ్గురు దోషుల లెక్క నిలబడ్డరు. మదన్‌మోహన్ మెల్లగ అన్నడు, "తప్పైంది వదినా. ఈడ కూసునేది మాత్రం ఆయన కోసమే. ఇయ్యాల గూడ ఆయనతోనే కొట్లాడుతున్నం."

"ఆయనతోనా?"

"ఈ వానట్టల రెండో పాట ఏడుపు పాటని ఆయన అనేటోడు. నేను ఒప్పుకోకపోయేది. బూర ఏడుస్తే మనమెందుకు ఏడ్వాలె? నాకు ‘నల్లబస్సు’ సాలు. పది బూరలు ఒక్కపారి లేస్తయ్. బరాత్ ఎదురొచ్చినట్టు. పొద్దంత బస్తాలెత్తిన నడుం నొప్పి ఎగిరిపోతది."

"అందరు ఒక్కపారి అరిస్తే ముచ్చటేడిది?" గురులింగప్ప ఊకోలేకపోయిండు. "ఎర్రకుర్చి వినాలె. ఆ పియానో ఆయన ఒక తప్పు చేస్తడు. దాయడు. మల్ల కావాల్నని అదే తప్పు వాయిస్తడు. మల్లొకసారి. అప్పటికి అది తప్పు లెక్క ఉండదు, తొవ్వ లెక్క ఉంటది."

రుచిత ముక్కు తుడుసుకున్నది. "మీ ఇద్దరికి ముత్యాలామె యాదికి రాదు. ఆమె గొంతు నడిమిట్ల జర పగుల్తది. నాకు ఆ పగిలిన కాడనే ఇష్టం. డ్యూటీల ఎవరన్న పోయిన రోజు అదే విని పడుకుంట."

జ్యోతి కోపంగనే నిలబడి ఉన్నది. గని వాళ్ల మాటలు ఆమె చెవులకు కొత్త కాదు. ఇన్నేండ్లు పక్క అర్రల అంచులు కుట్టుకుంట గోడ ఇవతల కూసున్నది. "వచ్చి కూసో" అని ఆయన పిలిస్తే "పనున్నది" అనేది. చెవులకు మాత్రం పని లేకపోయేది.

"అది ఏడుపు కాదు," అన్నది.

ముగ్గురు తల తిప్పిన్రు.

"వానట్టల బూర. ఏడుపు కాదది. అలిగిన మనిషి. అడిగితే చెప్పడు, అడగకుంటే పోడు. దర్వాజ కాడ నిలబడి అటిటు తిరుగుతడు. ఎనుక పెద్ద తీగెలది ఉంటది సూడుండ్రి... అది లోపటికెల్లి పిలుస్తనే ఉంటది. రా, బువ్వ సల్లారుతున్నది, రా అని."

గురులింగప్ప వంగి సూదిని మల్ల ఆ పాట కాడ పెట్టిండు. నలుగురు నిలబడే విన్నరు. అయిపోయినంక మదన్‌మోహన్ "అరే..." అన్నడు, గంతే.

జ్యోతి స్వెటర్ సరిచేసుకున్నది.

"శుక్రారం పొద్దుగూకంగ ఈడికే రాండ్రి. కోతిటోపీ తీసి, శాలువ తీసి, గేటు తెరిచి, లైటు పెట్టి. ఎవరికిష్టమైంది వాళ్లు తెచ్చుకోని. ఇగ నా మొగని పేరెనుక దాసుకునుడు సాలు."

"ఊరంత వస్తది వదినా. రాళ్లు పట్టుకోని వస్తరు..."

"వస్తే రానీ. వినిపిద్దాం."

శుక్రారం పొద్దుగూకెటాళ్లకు ఆ గేటు ముందట ఎన్నడు లేని మంది. ముందల మల్లప్ప, పళ్లెంల నిమ్మకాయలు, కుంకుమ. పక్కన శాంతమ్మ, ఇద్దరు పట్టుకుంటే నడుస్తున్నది. ఎనుక బజారోళ్లు, యాదమ్మ, ఆటో మాణిక్. గేటు దగ్గర పడ్డకొద్ది మంది నడక సన్నవడ్డది.

గేటు బార్లా తెరిచి ఉన్నది. ముంగిట్ల మదన్‌మోహన్ తెచ్చిన జనరేటర్ మీద పెద్ద బల్బు ఎలుగుతున్నది. దాని కింద రికార్డుల పెట్టె. పెట్టె మీద జ్యోతి కూసోని ఉన్నది.

"లే తల్లీ," అన్నడు మల్లప్ప. "యాళ్ల దాటిపోతున్నది."

"లెవ్వ."

మందిల గుసగుస లేసింది. శాంతమ్మ "జ్యోతీ..." అన్నది ఏడుపు గొంతుతోని.

"పలగ్గొట్టేదేందో ముందు వినాలె గదా అత్తా. ఒక్కటంటే ఒక్కటి వినుండ్రి. దాంట్ల మీకు దెయ్యం కనపడితే రాయి నేనే ఎత్తుత."

"ఆ పాటలు వింటే పట్టుకుంటది!" అని మల్లప్ప మంది దిక్కు తిరిగిండు. "ఇన్నొద్దులు ఊదింది వినలేదా మీరు?"

"ఊదింది మేము."

గురులింగప్ప ఎలుగులకు వచ్చిండు. నెత్తి మీద టోపీ లేదు. బట్టతల మెరుస్తున్నది. "విరూపాక్ష కాదు, దెయ్యం కాదు. మేము ముగ్గురం. బుగులుపడి దాసుకోని విన్నం. ఇయ్యాల్టి సంది దాసుకోం. ఇగో, నాది ఎర్రకుర్చి. ఎవరేమన్నా నాకిదే ఇష్టం." రికార్డు ఛాతీ మీద పెట్టుకోని చూపెట్టిండు.

"నాది నల్లబస్సు," మదన్‌మోహన్ ముందుకొచ్చిండు.

"నాది ఇది," అని రుచిత ముత్యాలామె అట్టను నెత్తి మీదికెల్లి ఎత్తి పట్టుకున్నది. మందిల ఆమె హాస్టల్ వార్డెన్ ఉన్నది. రుచిత ఆమె కండ్లల్లకే చూసింది.

కొందరు తిట్టిన్రు. కొందరు నవ్విన్రు. మాణిక్ మొకం ఎర్రగైంది. "గిందుకా నేను ఇన్ని నెలలు ఆ తొవ్వ ఇడిసిపెట్టిన?" అన్నడు. యాదమ్మ కిసుక్కున నవ్వింది. ఎనుకకెల్లి ఒక పోరడు రాయి ఇసిరిండు. అది జ్యోతి కాళ్ల కాడ పడ్డది. ఆమె దాన్ని తీసి పెట్టె పక్కకు పెట్టుకున్నది.

శాంతమ్మ పట్టుకున్నోళ్ల చేతులు ఇడిపించుకోని ముందుకొచ్చింది. "నా కొడుకు ఏది వినేటోడు?" అని అడిగింది.

"ఆయనది ఆయిస్తారం విందువు అత్తా. ఇయ్యాల నాది విను."

జ్యోతి లేచి పెట్టెల చెయ్యి పెట్టి, అట్ట చినిగిన రికార్డు ఒకటి తీసింది. దానికి పేరు లేదు, బొమ్మ లేదు. మంది కూసోని ఉంటే వాళ్ల నడుమ వాయించింది అది. వాయిస్తుంటే ఎవరో దగ్గుతరు. గిలాసలు తగుల్తయ్. ఒకామె నవ్వొద్దన్న కాడ నవ్వుతది. పక్క అర్రకెల్లి విన్నప్పుడల్ల జ్యోతికి అది ఎక్కువ నచ్చేది.

"నవ్వినా, దగ్గినా, వాళ్లు ఆపలె," అన్నది. "అందుకే ఇది నాది."

గురులింగప్ప సూది పెట్టిండు.

ముందు గరగర. తర్వాత మంది ముచ్చట్లు. ఎక్కడిదో, ఎన్నటిదో ఒక హాలు. ఆ ముచ్చట్ల నడుమకెల్లి మెల్లగ డప్పు లేసింది, దాని మీద పియానో, దాని మీద బూర. ఐసు ఫ్యాక్టరీ గోడలు ఆ పాటను పట్టుకోని మల్ల ముంగిట్లకే పంపినయ్. కొందరు గొణుక్కుంట ఎల్లిపోయిన్రు. ఎల్లిపోనోళ్లు దగ్గరికొచ్చిన్రు. మాణిక్ మునివేళ్లు ఆటో మీద ఆడుతున్నయ్, ఆయనకే తెల్వకుంట. శాంతమ్మ గోనెసంచి మీద కూసున్నది. మల్లప్ప ఒక్కడే పళ్లెం పట్టుకోని ఎటూగాకుంట నిలబడ్డడు.

జ్యోతి ఎవ్వరిని చూస్తలేదు. మొదటిసారి గోడ అడ్డం లేకుండ వింటున్నది. అరే, ఇంత దగ్గర ఉండెనా ఇది, అనుకున్నది.

పాట అయిపోయింది. రికార్డుల మంది ఒక్కపారి చప్పట్లు కొట్టిన్రు. హోరుమని, ఈలలేసుకుంట. గురులింగప్ప వంగి సూది ఎత్తిండు.

చప్పట్లు ఆగినయ్.

ఒక్కటి మాత్రం ఆగలె.

ముంగిట్ల ఎవ్వరి చేతులు కదుల్తలెవ్. గురులింగప్ప చేతిల సూది ఉన్నది. మదన్‌మోహన్ జనరేటర్ కాడ ఉన్నడు. రుచిత అట్ట పట్టుకోని ఉన్నది. మంది అంత ఎలుగులనే, ఎదురుంగనే ఉన్నరు. ఆ చప్పట్లు వస్తున్నది ఎనుకకెల్లి... తొట్టి అవతల... చీకట్ల తెరిచి ఉన్న ఐసు అర్రలకెల్లి...

ఒక్క మనిషి చప్పట్లు. తొందర లేకుండ. మస్తు నచ్చినోళ్లు కొట్టినట్టు.

మల్లప్ప చేతిల పళ్లెం కింద పడ్డది. నిమ్మకాయలు దొర్లినయ్. ఆయన ఎప్పుడు గేటు దాటిండో ఎవ్వరు చూడలె. మాణిక్ ఆటోల కూసున్నడు గని, స్టార్ట్ చెయ్యలె.

శాంతమ్మ కోడలు చెయ్యి గట్టిగ పట్టుకున్నది. పెదవులే కదిలిచ్చింది.

"ఎవరే?"

జ్యోతి తల తిప్పలె. అత్త చెయ్యి మీద తన చెయ్యి వేసి, అందరికి వినపడేటట్టు అన్నది —

"ఎవరన్న గానీ అత్తా. విననీ. కాకా, రెండో దిక్కు వెయ్యి."

గురులింగప్ప రికార్డు తిప్పి పెట్టిండు. సూది పడ్డది. గరగర... డప్పు...

చీకట్ల చప్పట్లు ఆగినయ్ — పాట మొదలైతే వినేటోళ్లు ఆపినట్టు.